కారు ఇన్సూరెన్స్‌కి బ్రోకర్ అవసరమా? రెన్యూవల్‌కి ముందు ఇలా తేల్చుకోండి

కారు ఇన్సూరెన్స్ గడువు దగ్గర పడగానే ఫోన్లు మొదలవుతాయి. షోరూం వాళ్లు, బ్యాంకు వాళ్లు, ఎప్పుడో ఒకసారి రేటు చూసిన యాప్ వాళ్లు, మన వీధిలోనే ఉండే ఏజెంటు. తలా ఒక రేటు చెబుతారు. అప్పుడు ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే: మధ్యలో బ్రోకర్ ఎందుకు, ఆయన కమిషన్ మనమే మిగుల్చుకోవచ్చు కదా అని. మా ఇల్లు, అక్కవాళ్లు, బాబాయివాళ్లు కలిపి ఐదు కార్ల పాలసీలు కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. వాటిలో రెండు బ్రోకర్ ద్వారా తీసుకున్నవి, మూడు నేరుగా కంపెనీ నుంచి. ఏ బండికి ఏ దారి మంచిదో నేను ఎలా తేల్చుకుంటానో వరసగా చెబుతాను. గడువుకి కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి. ఆఖరి రోజు సాయంత్రం కూర్చుంటే ఎవరు ఏది చెప్పినా సరే అనేస్తాం.

మొదట: మీతో మాట్లాడేది ఎవరో తెలుసుకోండి

మనం అందరినీ కలిపి ఏజెంటు అనేస్తాం. కానీ చట్టం దగ్గర తేడా చాలా ఉంది. ఏజెంటు కంపెనీ తరఫు మనిషి. తన కంపెనీ పాలసీయే అమ్ముతాడు. బ్రోకర్ మీ తరఫున పని చేయాల్సినవాడు. ఏ కంపెనీ పాలసీ అయినా చూపించవచ్చు, వాటిలో మీకు సరిపోయేది ఏదో చెప్పడం, క్లెయిమ్ వచ్చినప్పుడు సాయం చేయడం ఆయన బాధ్యత. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018లో తెచ్చిన బ్రోకర్ల నిబంధనల్లో ఇవన్నీ ఉన్నాయి. తన తప్పు వల్ల కస్టమర్‌కి నష్టం జరిగితే కట్టడానికి వీలుగా బ్రోకర్ తన మీద కూడా ఒక బీమా తీసుకుని ఉండాలి.

ఇంకా కొందరున్నారు. షోరూంలో ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర కూర్చునే వాళ్లు ఏదో ఒక బీమా కంపెనీకో బ్రోకర్‌కో అనుబంధంగా పనిచేస్తారు. మీ ఊళ్లో ఆర్టీఓ ఆఫీసు ఎదురుగా చిన్న షాపు పెట్టుకుని పాలసీలు తీసి ఇచ్చేవాళ్లలో చాలామంది పీఓఎస్‌పీలు, అంటే ఒక బ్రోకర్ కంపెనీ కిందో బీమా కంపెనీ కిందో చిన్న పరీక్ష రాసి అమ్మేవాళ్లు. రేట్లు పోల్చి చూపే పెద్ద వెబ్‌సైట్లు కూడా ఇప్పుడు బ్రోకర్లే కావచ్చు. పాలసీబజార్ 2021లో బ్రోకర్ లైసెన్సు తీసుకుంది. అంటే "నాకు బ్రోకర్ వద్దు, ఆన్‌లైన్‌లో తీసుకుంటాను" అన్న మనిషి కూడా తెలియకుండా బ్రోకర్ దగ్గరే కొని ఉండవచ్చు.

తెలుసుకోవడం తేలికే. పాత పాలసీ మొదటి పేజీలో ఇంటర్మీడియరీ, అంటే మధ్యవర్తి, అని ఒక గడి ఉంటుంది. పేరు, కోడ్, ఫోన్ నంబరు అక్కడ రాసి ఉంటాయి. డైరెక్ట్ అని ఉంటే మధ్యలో ఎవరూ లేరు. బ్రోకర్ పేరు ఉంటే ఐఆర్‌డీఏఐ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయిన బ్రోకర్ల జాబితా తెరిచి, ఆ పేరు ఉందా, లైసెన్సు గడువు ఇంకా ఉందా చూడండి. రెండు నిమిషాల పని. పాలసీ చేతిలో పెట్టుకుని కూడా తమకి అమ్మింది ఎవరో తెలియని వాళ్లు మా చుట్టాల్లోనే నలుగురు కనిపించారు.

తర్వాత: బ్రోకర్ కమిషన్ ఎంతో లెక్క వేయండి

మన దేశంలో కారు పాలసీకి బ్రోకర్ మీ దగ్గర వేరుగా ఫీజు వసూలు చేయడు. బీమా కంపెనీయే మీరు కట్టిన ప్రీమియంలోంచి అతనికి కమిషన్ ఇస్తుంది. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకి ఈ మాట వింతగా ఉంటుంది, అక్కడ పాలసీ మార్చినా రద్దు చేసినా బ్రోకర్ వేరుగా ఫీజు తీసుకోవడం మామూలే. ఇక్కడ ఎవరైనా "సర్వీస్ చార్జీ ఐదొందలు" అని రసీదు లేకుండా అడిగితే ఇవ్వొద్దు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1,197 సీసీ ఇంజిన్ ఉన్న చిన్న కారు. బండికి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం, క్లెయిమ్ చేయనందుకు తగ్గించే బోనస్ పోగా 6,000 అనుకోండి. పార్టుల మీద తరుగు కోయకుండా ఉండటానికి అదనంగా తీసుకునే జీరో డిప్రిసియేషన్‌కి 2,000. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది, 3,416. మొత్తం 11,416. దానిమీద 18 శాతం జీఎస్టీ 2,055. మీరు కట్టేది 13,471. 2023కి ముందు ఓన్ డ్యామేజ్ భాగం మీద కమిషన్ 15 శాతం దాటకూడదని, షోరూం ద్వారా అమ్మితే కార్లకి 19.5 శాతం దాటకూడదని పరిమితి ఉండేది. ఆ లెక్కన ఈ పాలసీలో బ్రోకర్ వాటా 8,000 మీద 1,200 రూపాయలు. 2023 ఏప్రిల్ నుంచి పాలసీ రకాన్ని బట్టి ఉండే ఆ పరిమితులు తీసేశారు. కంపెనీ మొత్తం ఖర్చులకి ఒక హద్దు పెట్టి, ఎవరికెంత ఇవ్వాలో కంపెనీకే వదిలేశారు. కాబట్టి ఇప్పుడు శాతం ఇంత అని బయటినుంచి చెప్పలేం. అయినా మనం తేల్చుకోవాల్సింది ఏ స్థాయి డబ్బు గురించో ఈ లెక్కతో అర్థమవుతుంది. ఏడాదికి వెయ్యీ రెండు వేల మధ్య మాట.

మరి నేరుగా తీసుకుంటే ఆ వెయ్యి మనకి తగ్గుతుందా? ఒక్కోసారి తగ్గుతుంది, ఒక్కోసారి తగ్గదు. నేరుగా అమ్మే కంపెనీ కమిషన్ బదులు ప్రకటనల మీద ఖర్చు పెడుతుంది. ఎక్కువ పాలసీలు తెచ్చే బ్రోకర్‌కి కంపెనీ ఇచ్చే డిస్కౌంటు ఒక్కోసారి మీకు వెబ్‌సైట్‌లో దొరికేదానికంటే ఎక్కువ ఉంటుంది. అందుకే ఊహించుకోకుండా రెండు రేట్లూ పక్కపక్కన పెట్టి చూడాలి.

కమిషన్‌లో కొంత మీకు తిరిగి ఇస్తాననే వాళ్లు కూడా ఎదురవుతారు. 1938 నాటి బీమా చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం అలా ఇవ్వడం, తీసుకోవడం రెండూ తప్పే. జరిమానా 10 లక్షల దాకా ఉంది. ఇంకో మాట. డబ్బు ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకీ పంపొద్దు. కంపెనీ పేరుతో వచ్చే లింకులోనే కట్టండి. ప్రీమియం కంపెనీకి చేరే దాకా మీ బండికి రక్షణ మొదలుకాదు, అదే చట్టంలో 64వీబీ సెక్షన్ చెప్పేది ఇదే. "రేపు కడతాలే సార్, మీరు నాకు వేసేయండి" అన్న మనిషి రేపు మర్చిపోతే ఆ రాత్రి బండికి బీమా లేనట్టే.

మూడోది: రేట్లు ఒకే కొలతతో అడగండి

నాకు తెలిసి జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

థర్డ్ పార్టీ రేటు ఎక్కడైనా ఒకటే. కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094, 1,500 సీసీ లోపు 3,416, అంతకు మించితే 7,897. ఎలక్ట్రిక్ కార్లకి 15 శాతం తగ్గింపు ఉంది. దీంట్లో ఎవరూ మీకు డిస్కౌంటు ఇవ్వలేరు. తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లో, యాడ్ ఆన్లలో, అంటే జీరో డిప్రిసియేషన్ లాంటి అదనపు రక్షణల్లో వస్తుంది.

కాబట్టి ముగ్గురి దగ్గర రేటు అడిగేటప్పుడు నాలుగు విషయాలు మీరే చెప్పండి, వాళ్లని చెప్పనివ్వకండి. మొదటిది ఐడీవీ, అంటే బండి పూర్తిగా పోతే వచ్చే డబ్బు. రెండోది నో క్లెయిమ్ బోనస్ శాతం. మూడోది ఏ యాడ్ ఆన్లు కావాలో. నాలుగోది, నష్టంలో మీ వాటాగా మీరు ఒప్పుకున్న అదనపు మొత్తం ఉందా లేదా. బండి కొత్త ధరలోంచి మొదటి ఆరు నెలల్లో 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తరుగు తీసి ఐడీవీ కడతారు. ఐదేళ్లు దాటితే మీరూ కంపెనీ కలిసి ఒప్పుకున్న మొత్తం. రెండు వేలు తక్కువకే ఇస్తున్నామని ఎవరైనా అంటే ముందు ఐడీవీ చూడండి. ఐదు లక్షలు ఉండాల్సిన చోట నాలుగు లక్షల పదివేలు వేసి ఉంటుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్, అంటే బండి పూర్తిగా పోయినట్టు లెక్క కట్టి, ఆ తగ్గించిన మొత్తమే చేతిలో పెడతారు.

బోనస్ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, రెండేళ్లకి 25, మూడేళ్లకి 35, నాలుగేళ్లకి 45, ఐదేళ్లకి 50. ఇది ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే తగ్గుతుంది. కిందటేడు మీరు క్లెయిమ్ చేసుకుంటే బోనస్ సున్నాకి వస్తుంది. బాబాయి కారు విషయంలో అదే జరిగింది. వెనక బంపర్ క్లెయిమ్ అయిన ఏడాది రెన్యూవల్‌కి ఒకతను ఫోన్‌లో చాలా తక్కువ రేటు చెప్పాడు. "ఎలాగయ్యా ఇంత తక్కువ?" అని బాబాయి అడిగితే, "మా కంపెనీ ఆఫర్ అండీ" అన్నాడు. కొటేషన్ వాట్సాప్‌లో పెట్టమన్నాం. చూస్తే నో క్లెయిమ్ బోనస్ 45 శాతం అని వేసి ఉంది. కింద చిన్న అక్షరాల్లో, కిందటేడు క్లెయిమ్ లేదని పాలసీదారు ప్రకటిస్తున్నట్టు ఒక వాక్యం. బాబాయి ఆ లింకులో డబ్బు కట్టి ఉంటే ఆ అబద్ధం ఆయన చెప్పినట్టు అయ్యేది. క్లెయిమ్ రాగానే కొత్త కంపెనీ పాత కంపెనీని అడుగుతుంది, విషయం బయటపడితే బండి నష్టానికి డబ్బు ఆపేస్తుంది. అమ్మినవాడికి అప్పటికే కమిషన్ వచ్చేసి ఉంటుంది. బ్రోకర్ ఎలాంటివాడో తెలుసుకోవడానికి నేను చూసే మొదటి గుర్తు ఇదే. కిందటేడు క్లెయిమ్ ఉందా అని తనంతట తాను అడిగాడా లేదా?

కొత్త కారు కొన్న వాళ్లకి ఇంకొకటి. 2018 సెప్టెంబర్ నుంచి సుప్రీంకోర్టు ఆదేశంతో కొత్త కార్లకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. ఓన్ డ్యామేజ్ మాత్రం చాలామంది ఏడాదికే తీసుకుంటారు. అంటే రెండో ఏడాది, మూడో ఏడాది మీకు కావాల్సింది ఓన్ డ్యామేజ్ ఒక్కటే. అది వేరే కంపెనీలోనైనా తీసుకోవచ్చు. ఎవరైనా మళ్లీ థర్డ్ పార్టీ కలిపి ఫుల్ ఇన్సూరెన్స్ అని వేస్తే ఒకే దానికి రెండుసార్లు కట్టినట్టు. అలాగే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి, కానీ అది మనిషికి ఒకటి చాలు. మీ పేరు మీద రెండు కార్లు ఉంటే రెండోదానికి అక్కర్లేదని చెప్పండి.

నాలుగోది: జీరో డిప్ గురించి లెక్కతో మాట్లాడండి

జీరో డిప్ అంటే పైన చెప్పిన జీరో డిప్రిసియేషనే. బంపర్ టు బంపర్ అని మనవాళ్లు అనేది దీన్నే. అది లేకపోతే మార్చిన ప్రతి పార్టు మీదా తరుగు కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి 50 శాతం. ఫైబర్‌కి 30. అద్దాలకి కోత లేదు. ఇనుప భాగాలకి బండి వయసును బట్టి. మూడేళ్లు దాటి నాలుగో ఏడు నడుస్తున్న కారు ముందు భాగం కొట్టుకుందనుకోండి. బంపర్ 8,000, ఫెండర్ 5,000, బానెట్ 9,000. బంపర్‌లో సగం, అంటే 4,000 మీరు పెట్టుకోవాలి. ఫెండర్, బానెట్ మీద 25 శాతం చొప్పున 1,250, 2,250. ఇవి కలిపి 7,500, పైన 1,500 సీసీ లోపు కార్లకి తప్పనిసరిగా పెట్టుకోవాల్సిన 1,000. పెయింటు కోత కాకుండానే 8,500 మీ జేబులోంచి పోతుంది. జీరో డిప్ ఉంటే ఆ వెయ్యితో, ఇంకా నట్లూ ఆయిలూ లాంటి చిల్లరతో సరి. బండి ఐదారేళ్ల లోపుదైతే నేను తప్పకుండా తీసుకుంటాను. అయితే కొన్ని కంపెనీలు ఏడాదికి రెండు క్లెయిములకే దీన్ని ఇస్తాయి. అది అడిగి తెలుసుకోండి.

ఐదోది: మీ బండికి బ్రోకర్ కావాలో వద్దో తేల్చుకోండి

పన్నెండేళ్ల పాత కారు, థర్డ్ పార్టీ మాత్రమే చాలనుకుంటే ఎవరూ అక్కర్లేదు. రేటు ఒకటే కాబట్టి ఏదైనా కంపెనీ వెబ్‌సైట్‌లో పది నిమిషాల్లో అయిపోతుంది. సిటీలో ఉంటూ, దగ్గర్లో క్యాష్‌లెస్ గ్యారేజీలు, అంటే రిపేరు బిల్లు బీమా కంపెనీయే నేరుగా కట్టేవి, చాలా ఉన్నవాళ్లు, ఫోన్‌లో ఫోటోలు ఎక్కించడం, మెయిల్ రాయడం తేలిగ్గా చేసుకోగలవాళ్లు కూడా నేరుగా తీసుకోవచ్చు. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద ముందు లారీ చక్రం కింది నుంచి రాయి ఎగిరి నా కారు అద్దం పగిలింది. యాప్‌లో నాలుగు ఫోటోలు పెట్టాను, మూడో రోజు కొత్త అద్దంతో బండి ఇంట్లో ఉంది. ఎవరి సాయమూ అవసరం పడలేదు.

అక్కవాళ్ల కారు సంగతి వేరు. వాళ్లది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు పొంగి వీధుల్లోకి నీళ్లు వచ్చేశాయి. వాళ్లు పై అంతస్తుకి ఎక్కారు, కారు కింద పార్కింగ్‌లో ఉండిపోయింది. నీళ్లు తీసేశాక బావగారు తాళం తీసుకుని కిందికి దిగారు. దిగుతూ నాకు ఫోన్ చేశారు, నేను బ్రోకర్ ఆఫీసులో క్లెయిములు చూసే ఆవిడని లైన్‌లో కలిపాను. ఆవిడ మొదటి మాట: "సార్, తాళం తిప్పకండి. ఇగ్నిషన్ కూడా ఆన్ చేయొద్దు." తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. బ్యాటరీ వైరు తీయించండి. తలుపు తెరిచి సీటు మీద బురద గీత ఎక్కడిదాకా ఉందో టేపు పెట్టి ఫోటో తీయండి. డ్యాష్‌బోర్డు దగ్గర ఇంకొకటి. నంబరు ప్లేటు కనిపించేలా ఒకటి. ఏదీ తుడవకండి, కడగకండి. సాయంత్రానికి క్లెయిమ్ నంబరు వచ్చింది. టోయింగ్ బండి దొరకడానికి మాత్రం ఐదు రోజులు పట్టింది, ఊరంతా అదే పరిస్థితి. వర్క్‌షాపులో మెకానిక్ ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగితే దాని చివర ఉన్నది పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయన్నమాట. స్టార్ట్ చేయలేదు కాబట్టి విప్పి, కడిగి, ఆయిల్ మార్చి బతికించగలిగారు.

పక్క పోర్షన్ ఆయన తన బండిని రెండుసార్లు స్టార్ట్ చేసి చూశారు. ఎవరైనా చేసే పనే, బండి తిరుగుతుందో లేదో అని. లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. సీట్లు, వైరింగ్, కార్పెట్‌కి వరద నష్టం కింద డబ్బు వచ్చింది కానీ ఇంజిన్‌కి రాలేదు. నీళ్లలో ఉన్న ఇంజిన్‌ని తిప్పడం వల్ల వచ్చే నష్టం మామూలు పాలసీలో ఉండదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ కావాలి. పాలసీ తీసుకునేటప్పుడు ఆయనకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు హెల్ప్‌లైన్‌కి ఎన్నిసార్లు చేసినా లైను కలవలేదని చాలా బాధపడ్డారు. అక్క కారు బ్రోకర్‌కి ఆ ఏడాది కమిషన్ పదిహేను వందలు వచ్చి ఉంటుందేమో. అది దండగ అని నేను ఇంకెప్పుడూ అనుకోలేదు.

కాబట్టి నీళ్లు నిలిచే ప్రాంతంలో ఉంటే, పార్టుల ధర ఎక్కువగా ఉండే కారైతే, సెకండ్ హ్యాండ్‌లో కొని పేరు మార్పించుకోవాల్సి ఉంటే, సీఎన్‌జీ కిట్ బయట పెట్టించి ఉంటే బ్రోకర్‌ని పెట్టుకోండి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, అమ్మానాన్నలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో కారు నడుపుతుంటే తప్పకుండా పెట్టుకోండి. యాక్సిడెంట్ అయిన రోజు అరవై ఐదేళ్ల ఆయన యాప్‌లో ఓటీపీలతో కుస్తీ పట్టడం కంటే ఫోన్ ఎత్తి తెలుగులో మాట్లాడే ఒక మనిషి ఉండటం ఎంతో నయం.

ఆరోది: బ్రోకర్‌ని ముందే పరీక్షించండి

డబ్బు కట్టకముందు అడగాల్సినవి అడగండి. లైసెన్సు నంబరు ఎంత? ఎన్ని కంపెనీల రేట్లు చూశారు, వాటిలో ఇదే ఎందుకు? మా ఇంటికి దగ్గర్లో ఈ కంపెనీకి క్యాష్‌లెస్ ఉన్న గ్యారేజీలు ఏవి? ఆ గ్యారేజీకి మీరే ఒక ఫోన్ చేసి ఆ కంపెనీతో పని ఎలా ఉందో కనుక్కోండి. అప్రూవల్‌కి రోజుల తరబడి తిప్పే కంపెనీ ఏదో గ్యారేజీ సూపర్‌వైజర్‌కి తెలిసినంత ఎవరికీ తెలియదు.

క్లెయిమ్ రోజు ఎవరికి ఫోన్ చేయాలో పేరు, నంబరు తీసుకోండి. అమ్మే అబ్బాయి నంబరు కాదు, క్లెయిములు చూసే మనిషిది. తీసుకుని, శనివారం సాయంత్రం ఏడింటికి ఆ నంబరుకి ఒకసారి చేయండి. ఎత్తకపోయినా, తర్వాత తిరిగి చేయకపోయినా ఆ బ్రోకర్ వద్దు. నేను ఈ పరీక్ష పెట్టాక ఇద్దరిని వదిలేశాను.

ఇంకో సంగతి గమనించండి. చిన్న గీతకి క్లెయిమ్ చేయాలా అని అడిగితే ఏమంటాడు? ఓన్ డ్యామేజ్ బోనస్‌కి ముందు 10,000 ఉండి మీ బోనస్ 45 శాతం అయితే, మీకు ఏటా 4,500 తగ్గుతోంది. 3,000 రిపేరుకి క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది ఆ తగ్గింపు మొత్తం పోయి, మళ్లీ 20 నుంచి మెట్లెక్కాలి. "వద్దండీ, సొంతంగా చేయించుకోండి" అని చెప్పే బ్రోకర్ మీ మేలు చూస్తున్నాడు.

షోరూం వాళ్ల గురించి ఒక్క మాట. కొత్త కారు కొనేటప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలని ఒత్తిడి చేయకూడదు, ఐఆర్‌డీఏఐ 2017లోనే ఆ నిబంధన పెట్టింది. "బయట తీసుకుంటే క్యాష్‌లెస్ ఉండదు" అంటారు. క్యాష్‌లెస్ అనేది బీమా కంపెనీకి, ఆ వర్క్‌షాపుకి మధ్య ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బయటి కొటేషన్ ఒకటి చూపించండి, చాలాచోట్ల అక్కడికక్కడే రేటు దిగుతుంది.

ఏడోది: పాలసీ రాగానే చదవండి

పీడీఎఫ్ వచ్చిన రోజే ఆర్సీ పక్కన పెట్టుకుని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, పేరు, లోను ఉంటే బ్యాంకు పేరు సరిచూడండి. బోనస్ శాతం సరిగ్గా ఉందా, అడిగిన యాడ్ ఆన్లన్నీ వచ్చాయా, సీఎన్‌జీ కిట్ రాశారా చూడండి. పాలసీ నంబరుతో కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో వెతికితే అసలుదో కాదో తెలుస్తుంది. తప్పు ఉంటే ఆ రోజే మెయిల్ పెట్టి సరిచేయించండి.

గడువు మాత్రం దాటనివ్వకండి. బీమా లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు శిక్షకి కూడా చట్టంలో వీలుంది. 90 రోజులు దాటితే కూడబెట్టుకున్న బోనస్ అంతా పోతుంది. కారు అమ్మేసేటప్పుడు బోనస్ బండితో పోదు, అది మీది. కంపెనీ నుంచి ఆ మేరకు లెటరు తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. మంచి బ్రోకర్ ఈ లెటరు తనే తెప్పించి ఇస్తాడు.

చివరిగా: పని జరగకపోతే

క్లెయిమ్ పెట్టిన 24 గంటల్లో నష్టం అంచనా వేసే సర్వేయర్‌ని కేటాయించాలి, 15 రోజుల్లో సర్వే రిపోర్టు రావాలి, రిపోర్టు వచ్చిన ఏడు రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. ఇవి 2024లో ఐఆర్‌డీఏఐ పెట్టిన గడువులు. బ్రోకర్ పని, ఈ తేదీలు గుర్తుపెట్టుకుని కంపెనీ వెంటపడటం. పడకపోతే మీరే పడండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. ఫోన్‌లో చెప్పింది ఎక్కడా నిలవదు. అక్కడ తేలకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా, లేదా 155255 నంబరు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు న్యాయంగా లేకపోయినా, ఏడాది లోపు బీమా ఫిర్యాదుల మీద తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ, యానాంకీ కలిపి ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. 2021 నుంచి బ్రోకర్ సేవల్లో లోపం మీద కూడా అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. అందుకే మొదటి రోజు వాట్సాప్‌లో వచ్చిన కొటేషన్, మీరు అడిగిన ప్రశ్నలు, వాళ్లు ఇచ్చిన జవాబులు డిలీట్ చేయకుండా ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. క్లెయిములు చూసే మనిషి పేరు, నంబరు ఒక కాగితం మీద రాసి కారు డ్యాష్‌బోర్డు అరలో ఆర్సీతో పాటు పెట్టండి. ఆ రోజు బండి నడిపేది మీరే కాకపోవచ్చు.